నలభై ఎనిమిది శేర్ల గుమ్మడికాయ

ఆ గుమ్మడికాయ బరువు నలభై ఎనిమిది శేర్లు. తర్వాతి కాలంలో మా అత్తగారి ఊళ్ళో అది అరవై శేర్లయింది, డెబ్బై అయింది, చివరికి దాని బరువుకు బండి ఇరుసు విరిగిందని కూడా చెప్పుకున్నారు. ఇరుసు విరగలేదు. వేరుశనగ తూచే పెద్ద తరాజును కొట్టం దూలానికి కట్టి తూచినప్పుడు నేను పక్కనే నిలబడి రాళ్ళు లెక్కపెట్టాను. నలభై ఎనిమిది.

యుద్ధం మొదలైన రెండో ఏడు అది. నాకు పందొమ్మిదేళ్ళు. కడుపుతో ఉన్నాను, అయిదో నెల. ఆత్మకూరు నుంచి వనపర్తి పోయే బాట మీద, వనపర్తికి నాలుగు కోసుల ఇవతల మా అత్తగారి ఊరు. నేను పుట్టింది ఉప్పునుంతల వైపు. మా నాయన నాకు అక్షరాలు, అంకెలు, పంచాంగం చూడడం నేర్పాడు. ఏ పని ఏ తిథినాడు జరిగిందో రాసిపెట్టుకోవడం అప్పటి అలవాటే. అత్తగారింట్లో కాగితం లేదు కాబట్టి కొట్టం గోడ మీద బొగ్గుతో రాసేదాన్ని. మా అత్త ఆ గోడను చూసినప్పుడల్లా, "ఏమే పిల్లా, కొట్టం కట్టింది బర్రెలకా, నీ దఫ్తరానికా?" అనేది.

మా అమ్మ పెరట్లో ఒక గుమ్మడి పాదు ఉండేది. కాయ ఇటుక రంగులో, పన్నెండు నొక్కులతో ఉండేది. కండ నాలుగు వేళ్ళ మందం. అటక మీద పెడితే మళ్ళీ వానాకాలం దాకా చెడేది కాదు. అలాంటి కాయ మా వైపు మరొకరి ఇంట్లో నేను చూడలేదు. అమ్మ ఏటా గింజలను కడిగి, బూడిదలో దొర్లించి, చాటలో ఎండబెట్టి, ఇరవై చొప్పున గుడ్డల్లో మూటలు కట్టేది. కలరా వచ్చిన ఏడు అమ్మ పోయింది. ఆ ఏడు పాదుకు నీళ్ళు పోసినవాళ్ళు లేరు, అది ఎండిపోయింది. దినాలకు వెళ్ళినప్పుడు అటక మీద ఎలుక కొట్టిన ఒక మూటలో తొమ్మిది గింజలు దొరికాయి. కొంగున ముడేసుకుని తెచ్చుకున్నాను. అమ్మది అనేది నాకు మిగిలింది అంతే.

తొమ్మిదిలో ఆరు మొలిచాయి. రెంటిని కోళ్ళు గీరాయి, రెంటిని మేక తిన్నది, ఒకటి వేరు కుళ్ళి పోయింది. పెంటగడ్డ అంచున నాటినది ఒక్కటి మిగిలి, కొట్టం కప్పు మీదికి పాకి, ఆషాఢం దాటేసరికి కప్పంతా కమ్మేసింది. శ్రావణ బహుళ విదియకు పదిహేను పిందెలు నిలిచాయి. పదిహేను కాయలంటే ఎన్ని వందల గింజలో నేను బొగ్గుతో లెక్కవేసి చూసుకున్నాను కూడా.

అప్పుడే మా మామ వనపర్తి నుంచి ఒక కబురు మోసుకొచ్చాడు. కార్తీకంలో అక్కడ పంటల నుమాయిష్ పెడుతున్నారు. ఊళ్ళు తిరుగుతూ దౌరా మీద వచ్చే పెద్ద అధికారి దాన్ని చూస్తాడు. మంచి పంట తెచ్చిన రైతును పిలిచి మాట్లాడతాడు. ఆ "పిలిచి మాట్లాడతాడు" అన్న మాట మా మామ బుర్రలోకి దూరి మరి బయటికి రాలేదు. మనిషి చెడ్డవాడు కాదు. కానీ చేతిలో ఏ అధికారమూ లేని వాళ్ళకు అధికారి కంటబడాలని ఉండే ఆ దురద ఉందే, అది చూస్తే నాకు అప్పుడూ రోతే, ఇప్పుడూ రోతే.

"పిందెలన్నీ తెంపుత. ఒక్కటే ఉంచుత. పాదు బలమంతా దానికే పోవాలె," అన్నాడు మా అత్తతో.

మామతో కోడలు ఎదురుగా మాట్లాడే రివాజు లేదు. నేను గోడ వెనక నుంచి అత్తతోనే అన్నాను. "అత్తా, మా అమ్మ పాదు అది. ఇత్తులు ఇంకెక్కడా లేవు. ఒక్క కాయే ఉంచితే ఇత్తులన్నీ దాంట్లోనే ఉంటయి. అవి నాకిస్తరా లేదా, అది చెప్పమను."

అత్త నాలుగడుగులు నడిచి ఆ మాటే ఆయనకు అప్పజెప్పింది. ఆయనకు ముందే వినబడింది, అయినా రెండోసారి విన్నాడు.

"ఇత్తులు ఏం జేసుకుంట నేను? ఒక్కటి పోకుండ అన్నీ ఆమెకే. కాయ పేరు నాకు సాలు."

పద్నాలుగు పిందెలు ఆయనే తెంపాడు. మూడు రోజులు అందరం పిందెల కూర తిన్నాం. నేను తినలేకపోయాను. కడుపుతో ఉన్నదానికి వికారమనుకున్నారు. మిగిలిన ఒక్క పిందె కింద నేను ఉట్టి కట్టి, రోజుకొక బొగ్గుగీత గీశాను. ఎనభై తొమ్మిది గీతలయ్యేసరికి తొడిమ ఎండి గట్టిపడింది. కార్తీక బహుళ విదియనాడు నలుగురు మగవాళ్ళు పట్టి దించారు.

నిండు కాయగా తీసుకుపోయి ఉంటే ఏ గొడవా లేకపోయేది. నుమాయిష్ అయ్యాక ఇంటికి తెచ్చి, మా ఇంటాయన చేత ఒక గాటు పెట్టించి, నేను గింజలు తీసుకునేదాన్ని. మా వైపు ఆడది నిండు గుమ్మడికాయకు మొదటి కత్తి పెట్టకూడదు. మగవాడు ఒక గాటు పెట్టి ఇవ్వాలి, ఆ తర్వాత ఎన్ని ముక్కలు చేసినా తప్పులేదు. ఇక కడుపుతో ఉన్నదైతే కోస్తుండగా చూడను కూడా కూడదు.

కానీ సప్తమినాడు సంతకు పోయి వచ్చినవాళ్ళెవరో గద్వాల వైపు నుంచి యాభై శేర్ల కాయ వస్తోందని చెప్పారు. మా మామకు ఆ రోజు అన్నం సహించలేదు. అష్టమినాడు లేచి, "బరువుల గెలువకపోతే పనితనంల గెలుస్త," అన్నాడు. కాయ మీద ఆ వచ్చే అధికారి ముఖం చెక్కించాలట. ఆయన వచ్చి చూసి, "నా ముఖం చెక్కించిన రైతు ఎవరు?" అని అడగాలట. ఆయన అడిగితే చెప్పడానికి నాలుగు ఉర్దూ మాటలు ఎవరి దగ్గరో నేర్చుకుని, దూడలకు గడ్డి వేస్తూ కూడా వల్లె వేశాడు.

దశమినాడు పొద్దున వడ్లాయన వచ్చాడు. నాగళ్ళు, బండి చక్రాలు చేసేవాడు. మంచి పనిమంతుడు. కానీ జన్మలో ముఖం అంటూ చెక్కినది ఒక్కటే, ఊరి చివర పోతరాజు కొయ్య.

నన్ను లోపలి అర్రలోకి పంపి అత్త తలుపుకు అడ్డం కూర్చుంది. అర్రకు కొట్టం వైపు చిన్న గవాక్షం ఉంది. నా తలకంటే ఎత్తు. చూడడానికి వీల్లేదు గానీ ప్రతి మాటా వినబడుతుంది.

"ఆ సారు ఎట్లుంటడు పటేలా?" అన్నాడు వడ్లాయన.

"దూరం నుంచి సూసిన ఒకసారి. గుర్రం మీద పోతుండె. మీసాలున్నయి."

"మీసాలు సరే. మొఖం?"

"మొఖమంటే... మీసాల మీద ముక్కు, ముక్కు మీద కండ్లు. అందరికుండేటియే. జర ధైర్యంగ ఉండాలె, సూస్తే భయం పుట్టాలె."

"భయమంటే నాకు తెలుసు," అన్నాడు వడ్లాయన. "గుడ్లు బయటికి పెడత."

కాయ వెనక వైపు కోసి తలుపు లాగా తీశారు. పచ్చి గుమ్మడి వాసన గవాక్షం నుంచి లోపలికి వచ్చింది. తియ్యగా, చల్లగా ఉండే ఆ వాసన నాకు మా అమ్మ వంటింటి వాసన. తర్వాత గీరిన చప్పుడు, గుజ్జు గంపలో పడ్డ చప్పుడు. గింజలు ఎక్కువగా ఉంటే ఆ చప్పుడు వేరుగా ఉంటుంది. గులకరాళ్ళ మీద నీళ్ళు పోసినట్టుంటుంది.

"ఈ పేగులన్నీ యాడెయ్యాలె పటేలా?"

మా మామ దూరం నుంచి, ఉర్దూ మాటలు గొణుగుకుంటూనే, "బర్రెకెయ్యి. పాలిచ్చే బర్రె," అన్నాడు.

నేను లేచాను. "అత్తా! ఇత్తులు! ఇత్తులు తియ్యకుండ బర్రెకేస్తున్నరు!"

"కూసో. కోస్తున్నరు ఇంక."

"కొయ్యడం అయిపోయింది. నువ్వన్న పోయి చెప్పు!"

"నేను లేస్తే నువ్వు తలుపు దాటుతవు. నీ సంగతి నాకు తెల్వదా? కడుపుల పిల్లకు ఏమన్న అయితే ఎవరు జవాబు చెప్తరు? కండ్లు మూసుకో, చెవులు గూడ మూసుకో."

గోడకు అటువైపు కుడితి గోలెంలో గంప బోర్లించిన చప్పుడు విన్నాను. బర్రె మూతి పెట్టి తినే చప్పుడు విన్నాను. మూడు మూరల దూరం. నేను అరిచాను. వడ్లాయన ఎవరో పిలుస్తున్నారన్నాడు. మా మామ, కడుపుతో ఉన్నోళ్ళు అట్లనే అరుస్తరన్నాడు.

నన్ను బయటికి వదిలేసరికి గోలెం అడుగున నాకిన మరకలు తప్ప ఏమీ లేవు. సంగతి తెలిసి మా మామ ఒక్క నిమిషం తల గోక్కున్నాడు. వెంటనే, "బర్రె పాలిస్తది. ఇత్తులేమిస్తయి? ఇంకో దగ్గర అడిగి ఇంకో ఇత్తులు తెప్పిస్త తియ్యి," అని అత్తకు చెప్పి కాయ దగ్గరికి పోయాడు.

అప్పుడు నేను ఆ ముఖాన్ని చూశాను. కళ్ళకు గవ్వలు గుచ్చారు. పళ్ళకు మొక్కజొన్న గింజలు. మీసాలకు నల్లమేక వెంట్రుకలు. తుమ్మబంక తడి మీద అంటుకోలేదని బెల్లం పాకంతో అతికించారు. చెక్కి గంట కాలేదు, చీమలు అప్పుడే ముక్కు మీదికి ఎక్కుతున్నాయి. పోతరాజుకూ దానికీ తేడా ఒకటే, పోతరాజుకు పూజ జరుగుతుంది. లోపల కుళ్ళకుండా ఉండాలని మా మామ పొడిసున్నం, పసుపు కలిపి అద్దించాడు. పసుపులో సున్నం పడితే ఏమవుతుందో మా వైపు ఆడపిల్లలందరికీ తెలుసు. పిల్లలకు దిష్టి తీసే ఎర్రనీళ్ళు చేసేది ఆ రెంటితోనే. నాకు తెలిసి కూడా నేను చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

ఏకాదశినాడు పొద్దున బండిలో గడ్డి పరిచి ముఖాన్ని వనపర్తికి తీసుకుపోయారు. మా మామ, మా ఇంటాయన దానితో పోయారు. మా ఇంటాయన మర్నాటికి బండి తోలుకుని వచ్చేశాడు, మామ అక్కడే ఉండిపోయాడు.

నేను పేడ వెదికాను. దాచుకోవాల్సిన సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. బర్రె గింజలను సగం నమిలి, సగం మింగుతుంది. మింగినవి బయటికి రావాలి. ఏకాదశి, ద్వాదశి, త్రయోదశి, మూడు రోజులు ఆ బర్రె వేసిన ప్రతి పేడకడినీ పాత జల్లెడలో వేసి, నీళ్ళు పోసి, వేళ్ళతో చిదిమాను. అయిదో నెల కడుపుతో పేడ నీళ్ళలో మోచేతులదాకా చేతులు పెట్టి కూర్చుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. వాంతి చేసుకునేదాన్ని, మళ్ళీ వచ్చి కూర్చునేదాన్ని. అత్త దూరంగా నిలబడి ముక్కు మూసుకుని, "పట్టింది పిల్లకు దయ్యం," అనేది. అయినా ద్వాదశినాడు నీళ్ళు ఆమే తెచ్చి పోసింది.

మొత్తం పదకొండు గింజలు దొరికాయి. తొమ్మిది చీలినవి. రెండు పైకి బాగున్నాయి. గోటితో నొక్కితే లోపల పప్పు నల్లబడి, బురద లాగా ఉంది. పదకొండూ పెంటలో పారేశాను.

చతుర్దశినాడు వడ్లాయన నాగలి బాగుచేయడానికి వచ్చాడు. నేను జల్లెడ కడుగుతుంటే చూసి, ఎందుకని అత్తను అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన మొహం చిన్నబోయింది.

"నాకెవ్వరు చెప్పలే తల్లీ. చెప్తే ఒక్కటొక్కటి ఏరి పెడ్తుంటి." ఉలి పక్కన పెట్టాడు. "ఒక సంగతి. కండ్ల ఎనక, బుగ్గల పైన, మూలలకు నా చెయ్యి పట్టలే. ఆడ గీరలే. సున్నం గూడ ఆడికి అందలే. పీచులు గట్లనే ఏలాడుతుండె. కొన్ని ఇత్తులుండొచ్చు."

"ఎన్ని?"

"ఎన్నంటే ఎట్ల చెప్పాలె తల్లీ? ఇరవయ్యో, ముప్పయ్యో."

ఇరవై అంటే మా అమ్మ కట్టే ఒక మూట.

మర్నాడు అమావాస్య, బండి కట్టరు. మార్గశిర శుద్ధ పాడ్యమినాడు నేను పోతానన్నాను. మామ గొప్ప చూడాలని ఉంది అన్నాను. ఆ అబద్ధం నోట్లోకి రాగానే ఉమ్మెయ్యాలనిపించింది గానీ పనికివచ్చింది. అత్తకు కూడా చూడాలని ఉంది. కడుపుతో ఉన్నది గుమ్మడికాయను చూడవచ్చా అని ఆమె తనను తానే అడిగి, తనే తీర్పు చెప్పింది: "కోసేటప్పుడు సూడొద్దు గాని, కోసినంక సూస్తే ఏం కాదు."

అధికారి ఏకాదశినాడు రావాలి. రాలేదు. అయిదు రోజులు ఆలస్యంగా, సరిగ్గా మేము పోయిన పాడ్యమినాడే వస్తున్నాడని దారిలోనే తెలిసింది. అంటే ఆ ముఖం చెక్కి అప్పటికి ఆరు రోజులు.

నుమాయిష్ అంటే తాటాకు పందిరి. బల్లల మీద జొన్న కంకులు, మిరపకాయలు, ఒక పక్క గొంగళ్ళు, బుట్టలు. ఆడవాళ్ళ కోసం ఒక పక్క కనాతు గుడ్డ కట్టి, దాని వెనక నిలబడమన్నారు. గుడ్డకు చిరుగులున్నాయి, అన్నీ కనబడతాయి. నేను మొదట గద్వాల కాయ కోసం చూశాను. అలాంటిది రాలేదు. యాభై శేర్ల కాయ ఎక్కడా లేదు, ఉన్నదల్లా సంతలో ఎవరో ఆడిన మాట. మా కాయను అక్కడ ఎవరూ తూచను కూడా లేదు. రాసుకునే గుమాస్తా దాన్ని చూసి పంటల్లో కాక చేతిపనుల్లో, గొంగళ్ళ తర్వాత, రాసుకున్నాడట. నలభై ఎనిమిది శేర్ల సంగతి ఏ కాగితంలోనూ లేదు. మా కొట్టం గోడ మీద ఉంది, అంతే.

కాయ ఎక్కడుందో వెదకనక్కర్లేదు. వాసన చెప్పింది. పందిరి ద్వారం దగ్గర ఎత్తు బల్ల మీద పెట్టారు. ఒక బుగ్గ లోపలికి కుంగింది. నోట్లో నల్లటి బూజు నాలుక లాగా పెరిగింది. ఒక మీసం జారి గడ్డానికి అంటుకుంది. ఈగలు ఎంత దట్టంగా ఉన్నాయంటే అసలు మీసం ఏదో, ఈగల మీసం ఏదో తెలియలేదు. నోటి మూలల నుంచి పసుపూ సున్నమూ కలిసి ఎర్రనీళ్ళయి, చుక్కలు చుక్కలుగా బల్ల మీదికి, బల్ల మీది తెల్లగుడ్డ మీదికి కారుతున్నాయి. దాని పక్కన మా మామ తలకు ఇస్త్రీ రుమాలు చుట్టుకుని, నవ్వుతూ నిలబడ్డాడు. అయిదు రోజులు అట్లా నిలబడ్డాడు. ఆయన ముక్కుకు ఏమైందో నాకు తెలియదు.

కనాతు వెనక ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

"ఎంత మంచి దిష్టి కాయ పెట్టిన్రే! పందిరికి ఎవ్వరి కన్ను తాకది."

"నిన్న అమాస గూడ పాయె. ఇంక పగలగొట్టలేదేంది?"

ఒక ముసలమ్మ కనాతు పైనుంచి దాని వైపు మూడుసార్లు ఉమ్మేసి మెటికలు విరిచింది. మా అత్త నోరు తెరిచి, "అది మా..." అని, అక్కడే ఆపి, కొంగు ముఖానికి కప్పుకుంది. మొగుడి గొప్ప చూడడానికి నాలుగు కోసులు వచ్చిన మనిషి. ఆ క్షణంలో ఆమె మీద నాకు జాలి కలిగింది. ఆ రోజు నాకు జాలి కలిగింది ఆమె ఒక్కదాని మీదే.

అధికారి వచ్చాడు. నడివయసు మనిషి. నున్నగా గీసిన మొహం. మీసాలు లేవు.

ద్వారం దగ్గరే ఆగాడు. రుమాలు తీసి ముక్కుకు పెట్టుకున్నాడు. "యే క్యా బలా హై?" అన్నాడు, ఇదేం పీడ అని.

మా మామ ముందుకు ఒక అడుగు వేశాడు. నాలుగు మాటలు నేర్చుకున్నాడు గదా. పెదవులు కదిలాయి. మీసాలు లేని ఆ మొహాన్ని చూశాడు, మీసాలున్న కాయను చూశాడు, మాట బయటికి రాలేదు. ఇది మీ ముఖమే సర్కార్ అని ఎట్లా చెప్తాడు? ఏర్పాట్ల కోసం ముందే వచ్చిన పేష్కారుకు, అంటే అధికారి కాగితాలు చూసే ఆయనకు, సంగతి తెలుసు. మా మామ అయిదు రోజులుగా ఆయనకు చెబుతూనే ఉన్నాడు. తన మెడకు చుట్టుకుంటుందని పేష్కారు గబగబా అందుకున్నాడు.

"దిష్టి కాయ సర్కార్. నజర్ ఉతార్నేకా. ఇక్కడి జనం రివాజు."

"తో ఉతారో," అన్నాడు అధికారి, లోపలికి పోతూ. అయితే దిష్టి తీసెయ్యమని.

ఆ ఒక్క మాటతో మా అమ్మ పాదు కాయ దిష్టి కాయ అయింది. ఇద్దరు జవాన్లు దాన్ని ఎత్తబోతే ఒకడి చెయ్యి బుగ్గలోకి దిగబడింది. వాడు బూతు తిట్టాడు. ద్వారం ముందు మూడుసార్లు తిప్పడం వాళ్ళ వల్ల కాలేదు, ఒక్కసారి సగం తిప్పి నేలకేసి కొట్టారు. ఎర్రనీళ్ళు, బూజు, గుజ్జు బాట నిండా చిమ్మాయి. జనం రెండు పక్కలకూ విరిగిపోయారు. దిష్టి తీసి పగలగొట్టిన ముక్కను తొక్కకూడదు, దాటకూడదు, ముట్టుకోకూడదు. ఎవరి మీది చెడో దానిలో ఉంటుంది, ముట్టుకున్నవాళ్ళకు పడుతుంది. అయిదు గజాల మేర బాట ఖాళీ అయింది.

కనాతు చిరుగులో నుంచి నేను ముక్కలు చూస్తున్నాను. ముఖం రెండుగా చీలింది. పై ముక్క ముఖం నేలకు ఆని, లోపలి వైపు పైకి పడింది. గవ్వ కళ్ళ వెనక భాగం పైకి వచ్చింది. ఆ మూలన, సున్నం తగలని చోట, పసుపుపచ్చటి పీచు వేలాడుతోంది.

నేను కనాతు ఎత్తి బయటికి నడిచాను.

"ఏయ్ పిల్లా! ఎటు పోతవే? కడుపుతోని ఉన్నవు! దిష్టి కాయే అది!" అని అత్త అరిచింది. ఆ అరుపుతో కడుపు సంగతి కూడా అందరికీ తెలిసింది. కొందరు ఆడవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. ఒకడెవడో, "పిచ్చిదా?" అన్నాడు. మా ఇంటాయన బండి దగ్గర నుంచి పరుగెత్తి వచ్చి ముక్కల అంచున ఆగిపోయాడు. ఆయన కూడా దాటలేదు.

నేను ముక్కల మధ్య కూర్చున్నాను. కాళ్ళ కింద గుజ్జు జర్రున జారింది. వాసన గొంతులోకి దిగింది. చెయ్యి ఆ మూలలోకి పెట్టాను. పైన జిగట, లోపల పురుగు. తెల్లటి చిన్న పురుగులు వేళ్ళ మీదికి పాకాయి. వాటిని విదిలించి పీచు పట్టి లాగాను. గింజలు దానికే అంటుకుని వచ్చాయి. ఒక్కొక్కటి గోటితో నొక్కి చూశాను. గట్టిగా ఉన్నదాన్ని కొంగులో వేశాను, మెత్తటిదాన్ని పారేశాను. కుడి కన్ను వెనక తొమ్మిది. ఎడమ కన్ను వెనక పద్నాలుగు. ఇరవైమూడు. అన్నీ అయ్యేదాకా లేవలేదు. లేచి, అక్కడే, అందరి ముందు వాంతి చేసుకున్నాను.

మా మామ బల్ల పక్కనే ఉన్నాడు. రుమాలు మీద ఎర్ర చుక్కలు పడ్డాయి. ఆయనతో అంతదాకా ఎదురుగా ఒక్క మాట మాట్లాడనిదాన్ని.

"ఇత్తులు నాకిస్తనన్నవు గదా మామా," అన్నాను. "తీసుకున్న."

ఆయన తలరుమాలు విప్పి ఆ చుక్కలు తుడవసాగాడు. పేష్కారు మాత్రం నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. అబద్ధమాడి బయటపడ్డ మనిషి, పురుగులు ఏరుకున్న మనిషిని చూసి నవ్వాడు. ఆ రోజు నేను చేతులతో ముట్టుకున్నవాటిలో వేటికీ ఆ నవ్వంత కంపు లేదు.

ఊరికి తిరిగి వచ్చేటప్పుడు నన్ను బండి వెనక చివర కూర్చోబెట్టారు. ఇంటి ముందు కట్టుబట్టలతో నెత్తిన నీళ్ళు పోశారు. గింజలను ఇంట్లోకి రానివ్వలేదు. బూడిదలో దొర్లించి, పగిలిన కుండ పెంకులో పోసి, కొట్టంలో నా గీతల గోడ కింద పెట్టుకున్నాను. ఆ తర్వాత నాలుగు నెలలు ఊళ్ళో ఆడవాళ్ళు నా కడుపు వైపు చూసే చూపు, ఆ దిష్టి కాయ వైపు చూసిన చూపు ఒకటే. పలకరించడానికి వచ్చినట్టు వచ్చి, పుట్టబోయేదానికి ఏ అవకరం వస్తుందో వాళ్ళలో వాళ్ళే ఎంచుకునేవాళ్ళు. బుగ్గ కుంగి పుడుతుందని ఒకామె, గుడ్లు బయటికి వచ్చి పుడుతుందని ఒకామె. నేను వింటున్నానని తెలిసే అనేవాళ్ళు.

చైత్ర శుద్ధ దశమినాడు ఆడపిల్ల పుట్టింది. అత్త దీపం దగ్గరికి పట్టి, తల నుంచి కాళ్ళ దాకా తడిమి, వేళ్ళు లెక్కపెట్టింది. "ఇరవై ఉన్నయి," అంది. రెండోసారి లెక్కపెట్టింది. "ఇరవయ్యే." ఆ తర్వాత గాని పిల్లను నాకివ్వలేదు.

మృగశిర కార్తె వాన పడ్డాక ఇరవైమూడు గింజలు నాటాను. పంతొమ్మిది మొలిచాయి. కోళ్ళకు, మేకకు అందకుండా ముళ్ళకంప కట్టాను. ఒక్క పిందె కూడా ఎవరినీ తెంపనివ్వలేదు. తెంపుతానని ఎవరూ అనలేదు కూడా. మొదటి కాయ కార్తీకంలో దించాం, పదిహేడు శేర్లు. ఇటుక రంగు, పన్నెండు నొక్కులు.

అత్త వాకిలి వైపు చూసి, "మీ ఆయన చేను నుంచి రానీ. గాటు పెట్టిస్తం," అంది.

మా మామ ఇంట్లోనే ఉన్నాడు, అరుగు మీద. ఆయనను అడగలేదు. కత్తిపీట తెచ్చుకుని, పిల్లను పక్కన చాప మీద పడుకోబెట్టి, నిండు కాయకు నేనే మొదటి గాటు పెట్టాను. అత్త, "అయ్యో," అంది. మామ తల తిప్పుకున్నాడు. కాయ రెండుగా విడింది. వాసన రాగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. అప్పటి నుంచి నేను గుమ్మడికాయ కూర నోట పెట్టలేదు, ఇక పెట్టను కూడా. గింజలు మాత్రం తీశాను. మూడు వందల ఎనభై ఆరు. ఇరవై చొప్పున పంతొమ్మిది మూటలు, పైన ఆరు గింజలు.

లెక్క రెండుసార్లు సరిచూసుకున్నాక గుజ్జు ఎత్తుకుపోయి బర్రెకు వేశాను.